పీచు మిల్లులో టై జాగ్రత్త

రాజోలు దగ్గర సాయిదుర్గాప్రసాద్ గారి కొబ్బరి పీచు మిల్లులో, మెడకు టై కట్టుకున్నప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలపై కార్మికులందరికీ శిక్షణ పూర్తయింది. మిల్లులో టై ఉన్నవారు లేరు. కార్మికుల్లో ఒక్కరికీ టై ప్రమాదం జరగలేదు కాబట్టి శిక్షణ నూటికి నూరు శాతం ఫలించిందని మేనేజరు నాగసతీష్ ప్రకటించారు.

శిక్షణ అవసరం వరహాలమ్మ వల్ల వచ్చింది. ఆమె పీచు తీసే యంత్రంలోకి, కాయ ఒలిచిన కొబ్బరి డొక్కలు అందిస్తుంది. మోటారు నుంచి యంత్రానికి వెళ్ళే బెల్టు ఆమె నిలబడే చోటికి మూరెడు దూరంలో తిరుగుతుంది. పోయిన నెల ఆ బెల్టు ఆమె పైట చెంగు లాక్కుంది. చీర పాతది కావడంతో చిరిగి ఊడింది. మనిషి మిగిలింది.

యాజమాన్యం వెంటనే స్పందించింది. ఆడవాళ్ళు ఇకపై పాత చీరలే కట్టుకుని పనికి రావాలని గోడకు నోటీసు అంటించింది. ఈ ఆదేశాన్ని ఇంతవరకు ఒక్కరూ ఉల్లంఘించలేదు.

వరహాలమ్మ మాత్రం బెల్టుకు ఇనప జాలీ పెట్టించమంది.

“ఈసారి చీర చిరక్కపోతే నా చెయ్యి పోద్దండీ. చెయ్యి లేనిదాన్ని పనిలో ఉంచుతారేటండీ మీరు?”

“ఆ మాటనకమ్మా. జాలీదేముంది, ఎప్పుడైనా పెట్టొచ్చు. ముందు మీకు అవగాహన రావాలి” అన్నారు ప్రసాద్ గారు.

అవగాహన ఆయన దగ్గర పెన్ డ్రైవ్‌లో ఉంది. ఆయన గల్ఫ్‌లో పనికి చేరిన మొదటి రోజు అక్కడి కంపెనీ చూపించిన సినిమా అది. ఎప్పుడో వాళ్ళ తాతల కాలంలో, ఏదో చలిదేశపు ఇనప ఫ్యాక్టరీలో తీశారు. బొమ్మ నలుపు తెలుపు. మాట ఇంగ్లీషు.

“ఇది చూసి పన్నెండేళ్ళు అక్కడ పనిచేసేనండీ. ఇవిగో, నా రెండు చేతులూ ఉన్నాయి” అని ప్రసాద్ గారు చేతులెత్తి చూపించారు. అందరూ చూశారు. ఉన్నాయి. ఆయన అక్కడ క్యాంటీన్‌లో వడ్డించేవారు.

పీచు బేళ్ళ మధ్య టీవీ పెట్టి సినిమా వేశారు. తెర మీద కోటు, టోపీ, టై ఉన్న మనిషి మెట్లు దిగుతూ మంచు మీద జారిపడ్డాడు.

“మెట్ల మీద ఆ పంచదార పొడి ఎవరు పారబోసేరే?” అంది చిన్నమ్మలు. వరహాలమ్మ పక్కన పీచు ఆరబోసే మనిషి ఆమె.

“మంచు అంట” అంది వరహాలమ్మ.

“ఆత్రేయపురంలో అయితే ఎత్తి పూతరేకుల్లో వేసేద్దురు.”

తరువాత మరొకాయన టై యంత్రంలో పడింది. గంభీరమైన గొంతు ఇంగ్లీషులో మందలించింది. ఆయన టైను చొక్కాలోకి దోపుకున్నాడు. సినిమా అయిపోయింది.

“అర్థమైందా?” అన్నారు నాగసతీష్.

“ఆయ్” అన్నారందరూ. పెద్దలు అడిగితే ఈ ప్రాంతంలో మరో జవాబు ఇవ్వరు. అందరికీ అర్థమైనట్టు నమోదైంది.

వరహాలమ్మ లేచింది. “మరి మా పైటల సంగతండీ?”

“సినిమాలో ఎవరి పైటైనా బెల్టులో పడిందా?”

“అందులో ఆడోళ్ళే లేరు కదండీ.”

“చూశావా, ఎంత జాగ్రత్తపడ్డారో!” అన్నారు నాగసతీష్.

ఇక ప్రయోగ పాఠం మిగిలింది. దానికి టై కావాలి. ఊళ్ళో టై ఉన్నది రాజేంద్ర గారికే. ఇన్సూరెన్సు ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. ఆయన్నే ముఖ్య అతిథిగా పిలిచారు. వరహాలమ్మ నిలబడే చోటికి ఎదురుగా, బెల్టుకు అవతలి వైపు ఆయన్ను నిలబెట్టి దండ వేశారు. పాఠం సహజంగా ఉండాలని యంత్రం ఆపలేదు.

“సోదర సోదరీమణులారా, ప్రమాదం అజ్ఞానానికి ముద్దుబిడ్డ” అని రాజేంద్ర గారు ప్రారంభించారు. ఫొటోగ్రాఫరు కొంచెం వంగమన్నాడు. ఆయన వంగారు. టై బెల్టులోకి వెళ్ళింది. వెనకే ఆయన వెళుతున్నారు. ముక్కు బెల్టుకు జానెడు దూరంలో ఉండగా కరెంటు పోయింది.

కత్తిరించిన టైతోనే రాజేంద్ర గారు ఉపన్యాసం పూర్తి చేశారు. ఇలా జరుగుతుందని ఆ మహనీయులు అంత ముందే సినిమా తీసి హెచ్చరించారని, వారి దూరదృష్టికి జోహార్లని అన్నారు. చప్పట్లు మోగాయి.

ప్రసాద్ గారు మాత్రం కదిలిపోయారు. “పెద్దమనిషికి జరగరానిది జరిగితే ఊళ్ళో తల ఎత్తుకోగలనా?” అన్నారు. మర్నాడు పొద్దున్నే తాటిపాక నుంచి వెల్డరు అప్పలరాజు వచ్చాడు. మధ్యాహ్నానికల్లా బెల్టుకు దిట్టమైన జాలీ బిగించి, పచ్చరంగు వేసి వెళ్ళాడు. రాజేంద్ర గారు నిలబడిన వైపు.

“మరి ఇటేపండీ?” అంది వరహాలమ్మ.

“ఇటు ఎవరు నిలబడతారమ్మా?”

“నేనేనండీ.”

“నీకు ట్రైనింగ్ అయింది కదమ్మా” అన్నారు ప్రసాద్ గారు, నెమ్మదిగా, అర్థమయ్యేలా. “పాపం, చూడ్డానికి వచ్చేవాళ్ళకి ట్రైనింగ్ ఉండదు.”

“ఆయ్” అంది వరహాలమ్మ. డొక్క అందుకుంది.

మిల్లు చూడదలచినవారు ఏ రోజైనా రావచ్చు. ఫొటోలు తీసుకోవచ్చు. భయపడవలసింది లేదు. మీరు నిలబడే వైపు జాలీ ఉంది.