సంప్రదాయేతరుడని ధ్రువీకరించడమైనది

కళను ఎవరూ కొలవలేరని వాదించేవాళ్లంతా కళాభివృద్ధి కార్యాలయం రెండో అంతస్తు మెట్లెక్కనివాళ్లేనని ఘంటాపథంగా చెప్పగలను. అక్కడ కొలుస్తారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా, పదిన్నర నుంచి ఒంటిగంట దాకా కొలిచి, రసీదు కూడా ఇస్తారు.

నేను లిఫ్టు మెకానిక్కుని. ఒపేరా రాశాను. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన చదవగానే మీ మొహం ఎలా మారిందో, ఆ కార్యాలయం మొహం కూడా ఒకప్పుడు అలాగే మారి ఉంటుంది. అందుకే 'సంప్రదాయేతర కళాకారుల విభాగం' అని ఒకటి పెట్టారు. (ఒపేరా అంటే మొదటి నుంచి చివరిదాకా అందరూ పాడుతూనే ఉండే నాటకం. తలుపు తియ్యమని చెప్పాలన్నా పాడే చెప్పాలి.) ఏటా ఒక కొత్త ఒపేరాకు అవార్డిచ్చి, దాన్ని పెద్ద హాల్లో ఆడిస్తారు. ముఖ్యపాత్ర ఎవరు పాడాలో రాసినవాళ్లే చెప్పొచ్చు. నాకు కావలసింది ఆ ఆఖరి ముక్క.

ఎవరి కోసమంటే, మా అక్క కోసం. అక్క పెద్దాసుపత్రిలో టోకెన్ నంబర్లు పిలుస్తుంది. ఇరవై రెండేళ్లుగా అదే పని. మైకు లేదు, దాని అవసరమూ రాలేదు. అక్క "పదమూడూ" అని పిలిస్తే పదమూడో నంబరు మనిషికి సగం జబ్బు బెంచీ మీదే తగ్గిపోతుందని డాక్టర్లే ఒప్పుకున్నారు. అలాంటిది, ఆరు నెలల తర్వాత ఒకటో తారీఖు నుంచి నంబర్లు చూపించే తెర పెడుతున్నారట. అక్కను ఫైళ్ల గదికి మారుస్తున్నారట. ఆ గది గోడ మీద 'నిశ్శబ్దం పాటించండి' అని రాసి ఉంటుంది. ఈ సంగతి చెప్పి అక్క నవ్వింది. ఆ వారమే రాయడం మొదలుపెట్టాను.

కథ కూడా అక్క చెప్పిందే. ఒకసారి ఒక పెద్దాయన వచ్చాడు, టోకెన్ నలభై ఏడు. పిలిచిన ప్రతిసారీ పక్కవాళ్ల వంక చూసి, "పాపం, ముందు ఆవిణ్ణి పంపమ్మా" అనేవాడు. అలా కౌంటర్ మూసేదాకా కూర్చున్నాడు. నా ఒపేరాలో మూడు అంకాలూ అక్క ఆయన్ని పిలుస్తూనే ఉంటుంది. అంతే కథ.

ఇక ఫారం. 'వృత్తి' అన్నచోట గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడు, ఇతరులు అని ఉన్నాయి. 'ఇతరులు' నొక్కితే 'ఏ వాద్యం?' అని అడిగింది. వదిలేద్దామంటే ముందుకు కదలదు. ఒళ్లు మండి 'స్క్రూడ్రైవర్' అని కొట్టాను. 'ధన్యవాదాలు' అంది. (ఆ రోజు నుంచి ప్రభుత్వ రికార్డుల్లో నేను స్క్రూడ్రైవర్ విద్వాంసుణ్ణి. 'ఎన్ని తీగలు?' అని అడుగుతూ ఒక ఉత్తరం కూడా వచ్చింది.)

కార్యాలయంలో మా ఫైళ్లు చూసే గుమస్తాను అందరూ కొర్రీలాయన అంటారు. కొర్రీ అంటే ఫైలు కదలకుండా దాని మీద వేసే ప్రశ్న. ఆయన వేసిన కొర్రీకి జవాబిస్తే, ఆ జవాబు మీద ఇంకో కొర్రీ వేస్తాడు.

"మూడు నిబంధనలయ్యా" అన్నాడు కళ్లజోడు పైకి నెట్టుకుంటూ. "ఒకటి, నువ్వు ఎవరి దగ్గరా సంగీతం నేర్చుకుని ఉండకూడదు. రెండు, మీ ఇంట్లో కళాకారులెవరూ ఉండకూడదు. మూడు, నువ్వు ఎన్నడూ వేదిక ఎక్కి ఉండకూడదు."

"నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదండీ."

"అందరూ అలాగే అంటారు. కాగితమేదీ?"

"నేర్చుకోలేదని కాగితం ఎవరిస్తారు సార్?"

"నేర్పనివాళ్లు ఇస్తారు."

సరే అని ఊళ్లో గుర్తింపు పొందిన సంగీతం మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన చాలాసేపు ఇబ్బంది పడ్డారు.

"నేను నేర్పలేదని ఎలా రాసిస్తాను నాయనా? రేపు నువ్వు పెద్దవాడివైతే నాకెంత నష్టం! ఏదీ, ఒక్కసారి పాడు, విందాం."

పాడాను. రెండో లైనుకే మాస్టారు కలం అందుకున్నారు. ఇతనికీ తనకూ ఏ విధమైన సంబంధమూ లేదని, ఇకముందు కూడా ఉండబోదని రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టారు. అడక్కుండానే రెండో కాపీ కూడా ఇచ్చారు.

కొర్రీలాయన ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "ఈయనొక్కడే నేర్పలేదని ఉంది. మిగతా రెండొందల పధ్నాలుగు మంది మాస్టార్లు నేర్పలేదని ఏమిటి గ్యారంటీ?"

ఇంతలో ఆ ఆఫీసు లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల వాళ్ల డైరెక్టరు ఉన్నాడు. వెళ్లి తలుపు సెన్సర్ మీద దుమ్ము తుడిచి, పది నిమిషాల్లో కిందికి దించాను. కొర్రీలాయన ముచ్చటపడ్డాడు.

"భలే చేశావయ్యా! ఈ పని ఎవరు నేర్పారు?"

"మా నాన్నండీ. ఆయనకు మా తాత."

"అంటే మీది సంప్రదాయం ఉన్న కుటుంబమే!" అని నోరు నొక్కుకుని, ఫైలులో రాసుకున్నాడు. అది ఏడో కొర్రీ.

ఎనిమిదో కొర్రీకి అక్క సెలవు పెట్టి నాతో వచ్చింది. అక్కడా టోకెన్లే. కొర్రీలాయన కుర్చీలోంచి లేవకుండా నంబర్లు పిలుస్తున్నాడు. ఆ గొంతు ఆయన చొక్కా కాలరు కూడా దాటడం లేదు. వరండాలో జనం చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. అక్క పావుగంట ఓర్చుకుంది.

"ఇలా పిలిస్తే ఎవరొస్తారండీ? ఆ కాగితం ఇలా ఇవ్వండి" అని లాక్కుని, నడుం మీద చెయ్యి వేసుకుని, "ఇరవై ఒకటీ!" అంది.

వీధికి అవతల టీ తాగుతున్నాయన గ్లాసు అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. పన్నెండున్నరకల్లా క్యూ ఖాళీ. ఆ కార్యాలయం పుట్టాక మొదటిసారి అరగంట మిగిలింది. దాన్ని ఏ పద్దు కింద చూపించాలో ఎవరికీ తెలియలేదు.

"అమ్మా, అవార్డుల రోజు వేదిక మీద పేర్లు పిలవడానికి వస్తారా?" అన్నాడు కొర్రీలాయన, లేచి నిలబడి మరీ.

"మరి మావాడి అవార్డు సంగతేంటండీ?"

"అది పరిశీలనలో ఉంది. ఇది వేరే ఫైలు."

నాకు భయమేసింది. "అక్క వేదికెక్కితే రెండో నిబంధన అడ్డొస్తుందేమో సార్. ఇంట్లో కళాకారులు ఉండకూడదు కదా?"

"పేర్లు పిలవడం కళ కాదులే, భయపడకు" అన్నాడు. దాన్ని కూడా రాసిమ్మన్నాను. ఇచ్చాడు.

అవార్డుల రోజు పొద్దున్నే నాకు పదకొండో కొర్రీ వచ్చింది. అంటే ఈ ఏడాదికి అయిపోయినట్టే. అయినా వెళ్లి నలభై ఆరో సీట్లో కూర్చున్నాను. పక్క సీట్లో ఒకాయన తడిసిన గొడుగు మడుచుకుంటున్నాడు. తలుపు తాళాలు బాగుచేస్తాడట, బయట వాన పడుతోందని లోపలికి వచ్చాడట. "ఇది ఎప్పటికి అవుతుందండీ?" అని రెండుసార్లు అడిగాడు.

అక్క వేదిక మీద నిలబడి సంప్రదాయ విభాగం పేర్లన్నీ పిలిచింది. తర్వాత మా విభాగం కవరు చించింది. (అందులో ఉన్నది సంగీత కళాశాల ప్రిన్సిపాలు పేరు. వాళ్లది ఏడు తరాల సంగీత కుటుంబమే అయినా, ఈ ఒపేరాను ఆయన ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కాకుండా వేరే కుర్చీలో కూర్చుని రాశారు కనుక సంప్రదాయాన్ని ధిక్కరించినట్టేనని కమిటీ తీర్మానించింది.) అక్క ఆ కాగితం చదివింది. జనంలో నాకోసం వెతికింది. కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. మైకును పక్కకు జరిపింది.

పాడింది.

"నలభై ఏడూ... నలభై ఏడో నంబరు వారూ... ఇంకెంతసేపు ఇతరులను పంపుతారు, మీ వంతు వచ్చింది, లోపలికి రండీ..."

నేను రాసిన లైనే. నేను పాడితే మాస్టారు కలం అందుకున్న లైనే. నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

పక్కనున్న తాళాలాయన తన సీటు వెనక అంకె తడిమి చూసుకున్నాడు. "నన్నేనా అండీ?" అన్నాడు.

ఏం చెప్పను? అక్క పిలిచాక లేవకుండా కూర్చున్నవాడు ఇరవై రెండేళ్లలో ఆ పెద్దాయన ఒక్కడే. "వెళ్లండి" అన్నాను.

వెళ్లాడు. ఎవరు వస్తే వాళ్లకు జ్ఞాపిక ఇవ్వడమే ముఖ్య అతిథి పని కనుక ఆయన ఇచ్చాడు. ఫొటో తీశారు. రిజిస్టరులో సంతకం పెట్టించుకున్నారు. ముందు వరసలో ప్రిన్సిపాలు గారు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు.

మర్నాడు కమిటీ అత్యవసరంగా సమావేశమై విచారణ జరిపింది. తాళాలాయన ఎవరి దగ్గరా సంగీతం నేర్చుకోలేదు. ఇంట్లో కళాకారులు లేరు. ఆ నిమిషం దాకా వేదిక ఎక్కలేదు. మూడు నిబంధనలకూ ఇంత నిక్కచ్చిగా సరిపోయిన మనిషి ఈ విభాగం చరిత్రలోనే లేడని తేలింది. ఒపేరా రాసి ఉండాలని నిబంధనల్లో ఎక్కడా లేదు. ఆయన ఒపేరాను పెద్ద హాల్లో ఆడించడానికి తేదీ కూడా ఖరారైంది. ఆ రోజు వాన పడితే వస్తానన్నాడట.

నాకూ ఉత్తరం వచ్చింది. పేర్లు పిలవడానికి వేదికెక్కిన వ్యక్తి పాడినందున ఆమెను కళాకారిణిగా నమోదు చేశామని, ఇంట్లో కళాకారిణి ఉన్నందున నేను ఇకపై ఈ విభాగానికి అనర్హుణ్ణని అందులో ఉంది. అక్కకు మాత్రం ముద్ర వేసిన కార్డు పంపారు. 'సంప్రదాయ కళాకారిణి' అని ఉంది. అక్క దాన్ని చీర కొంగుతో తుడిచి బీరువాలో పెట్టుకుంది.

ఒకటో తారీఖున ఆసుపత్రిలో తెర వెలిగింది. ఎర్ర అంకెలు వస్తున్నాయి, పోతున్నాయి, ఒక్కరూ లేవడం లేదు. ఎవరో ఒకరు పిలుస్తారులే అని అందరూ కూర్చునే ఉన్నారు. వారం రోజులు చూసి, 'తెర వైపు చూడండి' అని గట్టిగా కేకేయడానికి ఒక మనిషి కావాలని ప్రకటన వేశారు. అక్క ఫైళ్ల గదిలోంచే దరఖాస్తు పెట్టింది.

మూడు రోజుల్లోనే జవాబిచ్చారు. ఆ ఉద్యోగానికి కళాకారులు పనికిరారట.