పాడుచేయడానికీ ఒక పొలం కావాలి

వంశానికి ఒక్కడైనా చెడిపోవాలి! కోప్పడకండి, పూర్తిగా వినండి. అందరూ బుద్ధిమంతులైపోతే బుద్ధిమంతుణ్ణి గుర్తుపట్టేదెలా? క్లాసులో ఆఖరి ర్యాంకువాడు లేకపోతే ఫస్టు ర్యాంకువాడి మొహం చూసేదెవరు? పొలాల సంగతీ అంతే. ఈ మహాసత్యం నాకు మా బావ పొలం చూశాకే బోధపడింది.

మా అక్క మొగుడు మొక్కజొన్న రైతు. గట్టుకు అవతల పొలం ఆయన తమ్ముడిది. పంటా తగ్గకూడదు, నేలా పాడవకూడదు, ఆ కిటుకేదో తేలుద్దామని ఒక సైంటిస్టుగారు ప్రాజెక్టుతో దిగారు. తమ్ముడి పొలంలో కొత్త పద్ధతి: దున్నడం తక్కువ, కోశాక చొప్ప నేలమీదే కప్పడం, తేనెటీగల కోసం గట్లవెంట పూలమొక్కలు. మరి మా బావకో? పాత పద్ధతే! లోతుగా దున్ను, చొప్ప తగలబెట్టు, యూరియా కుమ్మరించు. పోల్చి చూడ్డానికట. కంట్రోల్ ప్లాట్ అంటారట. బోర్డు కూడా పాతారు. మా బావ దాని పక్కన నిలబడి ఫొటో దిగి నాకు పంపాడు.

కొన్ని పంటలు గడిచేసరికి తమ్ముడి మట్టిలో వానపాములు తిరుగుతున్నాయి, మా బావ మట్టిలో గునపం దిగడం లేదు. వాన పడితే తమ్ముడి నేల తాగుతోంది, మా బావ నేల కాలవలోకి కొట్టుకుపోతోంది. ఆయనేం గుడ్డివాడా? ఓ పంటకి చొప్ప తగలబెట్టకుండా వదిలేశాడు.

సైంటిస్టుగారు చూసి లబోదిబోమన్నారు. "ఇదేం పనండీ! మీరు బాగుపడితే నా పరిశోధన ఏమైపోవాలి?"

"నా నేల పోతోందండీ" అన్నాడు బావ.

"పోవాలండీ! పోతేనే కదా ఎంత పోయిందో కొలిచేది!"

మాటిచ్చిన మనిషాయె. మా బావ అగ్గిపెట్టె తీశాడు. అక్క ఆయనతో మాట్లాడ్డం మానేసి, ఫోన్లో నన్ను పట్టుకుంది. "పిల్లలకి ఇద్దామంటే మాకున్నది ఆ మట్టే కదరా!" అంది. "ఇది సైన్సు అక్కా, నీకు తెలీదు" అని సర్దిచెప్పాను.

నిజానికి ఈ సూత్రం అంతటా పెట్టాలి. ఆస్పత్రిలో ఒకణ్ణి పిలిచి, "నీ దగ్గు మాకెంతో ఉపయోగం నాయనా, తగ్గించుకోకు" అనాలి. ఊళ్ళో ఒక రోడ్డుని గుంతలతోనే కాపాడుకోవాలి. మా వీధి చూస్తే ఈ పరిశోధన ఎప్పుడో మొదలైనట్టే ఉంది!

పోయిన నెల సైంటిస్టుగారి సంస్థవారి ఏసీ హాల్లో ముగింపు సభ. బావ నన్నూ లాక్కెళ్ళాడు. తెరమీద రెండు పొలాలు పక్కపక్కనే. తేడా చూసి హాలంతా అయ్యో అంది.

"ఈ పాత పద్ధతి ఈ క్షణమే మానాలి! కానీ రైతు మొండివాడండీ, చస్తే మారడు. అదే మన సమస్య!" అన్నారు సైంటిస్టుగారు, మా బావ పొలం మీద లేజర్ చుక్క ఆడిస్తూ.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మా బావే. లేచి అడిగాడు కూడా. "అయితే నేనూ మానేయొచ్చాండీ?"

సైంటిస్టుగారు దిగొచ్చి ఆప్యాయంగా ఆయన భుజం తట్టారు. "మీరు మానితే ఎలాగండీ? రెండో దశ శాంక్షనైంది. ఇంకో అయిదేళ్ళు!"

బావ కుర్చీలో కూలబడ్డాడు. ఆ మొహం చూసి, ఇంతసేపూ సైన్సుని వెనకేసుకొచ్చిన నాకే కడుపు మండిపోయింది. కిటికీలోంచి చూస్తే సంస్థ ముందు పచ్చటి లాన్, చుట్టూ గులాబీలు.

"పరిశోధన ఆగకూడదండీ" అన్నాను వినయంగా. "ఈసారి కంట్రోల్ ప్లాట్ మీ లాన్లో పెట్టుకోండి. దున్ని, తగలబెట్టి, వానకి వదిలేద్దాం. మా బావే వచ్చి చేసిపెడతాడు."

సైంటిస్టుగారు గుండెమీద చెయ్యేసుకున్నారు.

"అమ్మో! పాడైపోదూ?"