అక్కర్లేనివి ఇక్కడ వదలండి

ఆ ఉదయం జాగ్రత్త మేడమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పార్కులో ఫౌంటెన్ పక్కనున్న బెంచీకి చెక్క పుచ్చిపోయింది. దాని చుట్టూ ఎరుపూ తెలుపూ చారల టేపు కట్టాలి, హెచ్చరిక బోర్డు పెట్టించాలి, ఆ తర్వాత ఆఫీసుకు వెళ్లి పర్యవేక్షణ సంఘం అడిగేవాటికి బుద్ధిగా జవాబులు చెప్పాలి. పురపాలక సంఘంలో ఆమెది బహిరంగ స్థలాల భద్రత చూసే ఉద్యోగం. జీతాల విభాగంలో తప్ప ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎక్కడా లేరు. మెట్లు దిగేవాళ్లు కనబడినా, గొడుగు విప్పేవాళ్లు కనబడినా "జాగ్రత్త!" అనకుండా ఉండలేదు కనక ఊరంతటికీ ఆమె జాగ్రత్త మేడమే.

"అత్తయ్యా, మీరూ వస్తారా? కాసేపు పార్కులో కూర్చుందురుగాని. స్కూలు నుంచి వచ్చేటప్పుడు ఈయన మిమ్మల్ని తీసుకొస్తారు," అంది చెప్పులు వేసుకుంటూ.

అత్తగారు అప్పటికే సంచీ భుజాన తగిలించుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆవిడకు మాట తక్కువ, చూపు ఎక్కువ. డబ్బాకు మూత విరిగినా, కుర్చీకి కాలు ఊగినా పారేయనిచ్చే మనిషి కాదు. ఆ ఇంట్లోంచి పాత సామానుగా బయటికి వెళ్లిన ఏ వస్తువైనా సాయంత్రానికల్లా మళ్లీ లోపలే కనబడేది.

పార్కులో జాగ్రత్త మేడమ్ టేపు చివర పళ్లతో పట్టుకుని, బెంచీ చుట్టూ తిరుగుతూ, "అత్తయ్యా, ఆ చెట్టు కింద బెంచీ మీద కూర్చోండి. ఇటు మాత్రం రావద్దు," అంది. నోట్లో టేపు ఉండడంతో అత్తగారికి "బెంచీ మీద కూర్చోండి" అన్నంత వరకే స్పష్టంగా వినబడింది. ఈలోగా ఆఫీసు నుంచి ఫోను. బోర్డు రాగానే గట్టిగా బిగించమని, సుత్తీ మేకులతో పక్కనే ఉన్న పనివాడైన మేకుల అతనికి చెప్పి ఆమె హడావుడిగా వెళ్లిపోయింది.

అసలు తిరకాసు బోర్డుల కొట్లో జరిగింది. ఆ రోజు పురపాలక సంఘానికి అక్కడి నుంచి రెండు బోర్డులు రావాలి. ఒకటి జాగ్రత్త మేడమ్‌ది: "ప్రమాదం! దగ్గరికి రావద్దు." రెండోది పాత సామాను తిరిగి వాడకంలోకి తెచ్చే విభాగానిది. ఆ విభాగం చూసే ఆయన్ని అందరూ రీసైక్లింగ్ సార్ అంటారు. పార్కు గేటు బయట పెట్టిన కొత్త డబ్బాల దగ్గర ఆయన ఆ బోర్డు పెట్టించుకోవాలి. రెండూ ఒకే కొలత, రెండింటికీ ఒకే రకం కాగితం చుట్టారు. పైన చిరునామాలు మాత్రం ఒకదానిది ఇంకొకదానికి అంటించారు.

జాగ్రత్త మేడమ్ ఆఫీసు మెట్లు ఎక్కుతుండగా రీసైక్లింగ్ సార్ ఎదురు పరిగెత్తుకొచ్చాడు.

"మేడమ్! మా కొత్త డబ్బాల దగ్గర ఏదో ప్రమాదమట కదా! నాకొక్క మాటైనా చెప్పొద్దా?"

"ప్రమాదమా? ఎవరన్నారు?"

"మీ బోర్డే అంటోంది!"

ఇద్దరూ ఆయాసపడుతూ గేటు దగ్గరికి చేరేసరికి జనం డబ్బాలకు దూరంగా, అర్ధచంద్రాకారంలో నిలబడి ఉన్నారు. జాగ్రత్త మేడమ్ బోర్డును పైనుంచి కిందిదాకా చూసింది. తన శాఖ ముద్ర, తను ఎంచుకున్న ఎర్ర రంగు, తను దిద్దిన వాక్యం. తనకు తెలియకుండా తన బోర్డు ఇక్కడ పెట్టారంటే పైవాళ్లకు ఏదో సమాచారం అందే ఉంటుంది. తనకు కూడా చెప్పలేదంటే అది చిన్న విషయమై ఉండదు.

"వెనక్కి! అందరూ వెనక్కి జరగండి! జాగ్రత్త!" అని అరిచింది.

అంతవరకు సరదాగా చూస్తున్న జనం నిజంగానే హడలిపోయారు. ఆమె పై అధికారికి ఫోను చేసింది. "సార్, డబ్బాల దగ్గర ప్రమాదమని బోర్డు ఉంది."

"అలాగా? నాకు తెలియదే! కానీ మీ శాఖే అంటోందంటే ఉండే ఉంటుంది. ఫైరింజన్ పంపిస్తున్నా," అన్నాడాయన.

దాంతో ఆమెకు మిగిలిన కాస్త అనుమానం కూడా తీరిపోయింది. ఫైరింజనే వస్తోందంటే ఇంకేం కావాలి?

జనంలో మాటలు రాజుకున్నాయి. "ఏదో వాసన వస్తోంది కదూ?" అంది ఒకావిడ.

"చెత్త డబ్బాలన్నాక వాసన రాదా అమ్మా?"

"ఇవి కొత్తవి. ఇంకా ఎవరూ ఏమీ వెయ్యలేదు."

"అయితే మరీ భయపడాల్సిందే!"

గంట కొట్టుకుంటూ ఫైరింజన్ వచ్చింది. దాని అధికారి దూకినట్టుగా దిగి, "ఏం ప్రమాదం మేడమ్? మంటా, గ్యాసా, కరెంటా?" అన్నాడు.

"బోర్డు మీద రాయలేదండీ."

"బోర్డు ఎవరిది?"

"మాదే."

"మీదైతే మీకు తెలియాలి కదా?"

"తెలియాలి," అని ఒప్పుకుంది జాగ్రత్త మేడమ్. ఆయన హెల్మెట్ తీసి, తల గోక్కుని, మళ్లీ పెట్టుకున్నాడు. దేన్ని ఆర్పాలో తేలేదాకా గొట్టం పట్టుకుని నిలబడమని తన మనుషులకు చెప్పాడు.

పాత పేపర్ల కట్ట మోసుకొచ్చిన ఒకాయన దూరం నుంచే, "మరి వీటిని ఎక్కడ పడేయాలండీ?" అని అడిగాడు. "లోపల ఫౌంటెన్ దగ్గర తీసుకుంటున్నారు. అక్కడ పెద్దావిడ కూర్చున్నారు," అన్నారెవరో. జాగ్రత్త మేడమ్ ఆ మాట చెవిన వేసుకోలేదు. అప్పుడే ఆమె ఫోను మోగింది. లెక్కల మాస్టారైన భర్త. స్టాఫ్ రూం నుంచి గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"అమ్మని ఎక్కడ కూర్చోబెట్టావు?"

"పార్కులో. ఇప్పుడు మాట్లాడలేనండీ, నేనిక్కడ పెద్ద ప్రమాదంలో ఉన్నాను."

"ముందు వార్డు గ్రూపులో ఫోటో చూడు. ఆ తర్వాత తెలుస్తుంది, ఎంత పెద్ద ప్రమాదంలో ఉన్నావో."

ఆమె చూసింది. టేపు కట్టిన పుచ్చు బెంచీ. దాని మధ్యలో సంచీ ఒళ్లో పెట్టుకుని, నిటారుగా అత్తగారు. సరిగ్గా ఆవిడ తల మీద బోర్డు: "మీకు అక్కర్లేనివి ఇక్కడ వదిలి వెళ్లండి. మేం చూసుకుంటాం. ఇట్లు, పురపాలక సంఘం."

ఫోటో కింద వ్యాఖ్యలు ఆగకుండా వచ్చిపడుతున్నాయి. "జాగ్రత్త మేడమ్ గారి అత్తగారట!" "ఈ సౌకర్యం మా వార్డుకు ఎప్పుడు?" "మామగార్లను కూడా తీసుకుంటారా?"

ఆమె ఫోను రీసైక్లింగ్ సార్ ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు సర్దుకుని, "అరే, అది మా బోర్డు!" అన్నాడు.

"అయితే ఇది... మా బెంచీ బోర్డు!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మరుక్షణం ఆమె ఫౌంటెన్ వైపు పరుగందుకుంది. ఆమె వెనకే ఆయనా పరిగెత్తాడు. భద్రతా అధికారిణే పారిపోతోందంటే ఏదో పేలబోతోందనుకుని జనమంతా వాళ్ల వెంట పడ్డారు. ప్రమాదం అటు వెళ్లిందేమోనని ఫైరింజన్ కూడా పార్కులోకి తిరిగింది.

ఫౌంటెన్ దగ్గర బారులు తీరి జనం. ఒకతను ఇస్త్రీపెట్టె అత్తగారి ముందు పెట్టాడు.

"దీనికేమొచ్చింది?" అన్నారావిడ.

"వేడెక్కడం లేదండీ."

"తీగ తెగింది, అంతేగా. అతికించుకుని వాడుకో. తర్వాతెవరు?"

కుర్చీ తెచ్చినావిడకు కుర్చీ కావలసినాయన్ని చూపించారు. మూత లేని కుక్కర్ని, కుక్కర్ లేని మూతతో కలిపారు. నిజంగా పనికిరానివి మాత్రం పక్కన చిన్న కుప్పగా పడి ఉన్నాయి. అంతా బాగానే ఉంది గాని, పాత సామాను లారీ వచ్చి ఆగి ఉంది. డ్రైవరు చేతులు కట్టుకుని బతిమాలుతున్నాడు.

"పెద్దమ్మగారూ, కాస్త లేవండి. బోర్డు కింద ఉన్నవన్నీ ఎత్తుకు రమ్మన్నారు. బెంచీ ఎక్కించాలి."

"లేవను నాయనా. మా కోడలు నా కోసం ప్రత్యేకంగా చుట్టూ టేపు కట్టి మరీ అట్టేపెట్టింది."

జాగ్రత్త మేడమ్ టేపు దాటుకుని దూసుకెళ్లింది. "అత్తయ్యా, లేవండి! ఆ బెంచీ విరిగిపోతుంది!"

"పొద్దున్నుంచీ కూర్చునే ఉన్నాగా. విరిగేదైతే ఈపాటికి విరిగేది."

"మీ వెనక బోర్డు చూశారా?"

"వెనకున్నది నాకెలా కనబడుతుందమ్మా? వచ్చినవాళ్లంతా నా కాళ్ల దగ్గర ఏదో ఒకటి పెట్టి వెళ్తున్నారు. నీ ఉద్యోగం పెద్దది కదా, నీ మొహం చూసి నాకు మర్యాద చేస్తున్నారనుకున్నా."

ఆవిడ మెల్లగా లేచి, వెనక్కి తిరిగి, బోర్డును ఒక్కొక్క మాటే కూడబలుక్కుని పైకి చదివారు.

"ఇది నా నెత్తిన పెట్టించావా?"

జాగ్రత్త మేడమ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒట్టు అత్తయ్యా, బోర్డులు తారుమారయ్యాయి. ఏమయ్యా, చదువుకోకుండా ఎలా బిగించావు?" అని మేకుల అతని మీద ఒంటికాలి మీద లేచింది.

"చదివానండీ. పైవాళ్ల ఆర్డరనుకున్నా."

"మా అత్తగారు కూర్చుని ఉండగానా?"

"మేకులు ఆవిడే అందించారు మేడమ్."

అత్తగారు కాదనలేకపోయారు. సుత్తి చప్పుడు విని, తల తిప్పకుండానే మేకులు అందించిన మాట నిజమే.

సరిగ్గా అప్పుడే పర్యవేక్షణ సంఘం అధ్యక్షురాలు కౌన్సిలరమ్మ కారు దిగింది. అధికారులు ఇద్దరూ రాక మీటింగు ఆగిపోయిందన్న మంట, పార్కు పచ్చిక మీద ఫైరింజన్ కనబడిందన్న మంట, రెండూ ఆమె మొహం మీదే ఉన్నాయి.

"ఇక్కడేం జరుగుతోంది? ఎవరో ఒకరు చెప్పండి!"

అందరూ చెప్పారు, ఒకేసారి. బోర్డు, గ్యాసు, అత్తగారు, కుక్కరు మూత, లారీ. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "మీరిద్దరూ రేపటి నుంచి ఆఫీసుకు రానక్కర్లేదు," అంది అధికారులతో. "ఈ బోర్డు పీకించండి, ఈవిడను ఇంటికి పంపించండి."

"మీరు ఎవరినైనా పంపించుకోండి గాని, పెద్దమ్మగారిని మాత్రం పంపడానికి లేదు!" అంది కుర్చీ ఇచ్చినావిడ. ఇస్త్రీపెట్టె అతను వంత పాడాడు. వెనక ఫోన్లు పైకి లేచాయి. ఇందాకటి నుంచి మొత్తం వీడియో తీస్తూనే ఉన్నారు.

కౌన్సిలరమ్మ ఆ ఫోన్లను చూసింది. చూస్తుండగానే ఆమె మొహంలో కోపం కరిగి, ఎన్నికల నాటి చిరునవ్వు పరుచుకుంది.

"ప్రియమైన ప్రజలారా," అని మొదలుపెట్టింది. "ఇదంతా మా సంఘం ఎంతో కాలంగా ఆలోచించి చేసిన ప్రయోగం. పాత సామాను విషయంలో మీరు ముందుకొస్తారో లేదో చూద్దామనుకున్నాం. వచ్చారు!"

"మరి మేమెందుకు వచ్చాం?" అన్నాడు ఫైరింజన్ అధికారి.

"పిలిస్తే ఎంత త్వరగా వస్తారో చూద్దామని. చాలా సంతోషం, ఇక వెళ్లొచ్చు."

ఆయన అయోమయంగా చప్పట్లు కొట్టాడు. జనమూ కొట్టారు. ఆ ఊపులో కౌన్సిలరమ్మ ఇంకో మెట్టు ఎక్కింది. పర్యవేక్షణ సంఘంలో ప్రజల తరపున ఉండాల్సిన సభ్యుడి కుర్చీ, ఒప్పుకునేవాళ్లు లేక ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది. ఇక నుంచి ఆ కుర్చీ పెద్దమ్మగారిదని, భద్రతా విభాగమూ రీసైక్లింగ్ విభాగమూ రెండూ ఆవిడకే జవాబు చెప్పుకోవాలని అక్కడికక్కడే ప్రకటించింది. ఆ ఇద్దరు అధికారుల ఉద్యోగాల సంగతి కూడా ఆవిడే తేల్చాలంది.

అత్తగారు సంచీ భుజాన తగిలించుకున్నారు. "ఆ కుర్చీ గట్టిదేనా?" అని మాత్రం అడిగి, ఒప్పుకున్నారు.

సాయంత్రం ఇంట్లో జాగ్రత్త మేడమ్ టీ కలిపి అత్తగారి చేతికిచ్చి, పక్కనే నేల మీద కూర్చుంది. భర్త పేపరు పైకెత్తి దాని వెనక్కి మాయమయ్యాడు.

"అత్తయ్యా, జరిగిందంతా మీ కళ్లారా చూశారు కదా. అందులో నా తప్పేమీ లేదని మీరు..."

అత్తగారు చెయ్యెత్తి ఆపారు. "ఆఫీసు సంగతులు ఇంట్లో వద్దమ్మా. ఏదైనా ఉంటే రాసివ్వు."

కోడలు రాసిచ్చింది. అత్తగారు పరిశీలనలో ఉంచారు.