ఓవర్‌క్లాకింగూ, ఒక పళ్ళెం కారమూ

గాజువాక గురునాథరావుకి అబద్ధమాడటం చేతకాదు. అయినా ఆడటం మానడు. చిక్కంతా అక్కడే ఉంది.

ఆయన స్టీల్‌ప్లాంట్‌లో క్రేన్ ఆపరేటరు. తోటి ఉద్యోగి ఎల్లారావు ఓ రోజు తన ఇంట్లో కంప్యూటర్ మీద లారీ తోలే ఆట చూపించాడు. ఘాట్ రోడ్డు, మలుపులు, వాన, ఆ వానలో వైపర్లు! అంతే, మన వాడికి అన్నం సయించడం మానేసింది. ఆ ఆట ఆడాలంటే మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ కావాలి. కంప్యూటర్ రావాలంటే ఇంట్లో సూర్యకళ ఒప్పుకోవాలి.

సూర్యకళ పాత ల్యాప్‌టాప్ మీద పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తుంది. గురునాథరావు అక్కణ్ణుంచే నరుక్కొచ్చాడు.

"సూర్యా, నీ కష్టం సూడలేకపోతన్నానే. నీకో కంప్యూటర్ కడతాను."

"కట్టడానికి అదేటి ఇల్లా?"

"పార్టులు తెచ్చి మనమే బిగించుకోవాలి. ప్లాంటోణ్ణి, నాకు తెలీని బిగింపేటి?"

"మొన్న కుక్కరు గాస్కెట్టు మీరే బిగించారు. పప్పు ఇంకా సీలింగుకే ఉంది."

"అది గాస్కెట్టు తప్పు."

ప్రాసెసరు, మదర్‌బోర్డు, ర్యామ్... ప్రతి పార్టూ ఎల్లారావుకి ఫోన్ చేసి మరీ ఎంచుకున్నాడు. గ్రాఫిక్స్ కార్డు దగ్గరికొచ్చేసరికి నోరు జారాడు.

"ఇదైతే వాన సినుకులు కూడా లెక్కెట్టొచ్చంట!"

"పెళ్ళి వీడియోలో వానెందుకండీ?"

"వానలో పెళ్ళిళ్ళు అవ్వవేటి?"

సూర్యకళ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నమ్మేసిందనుకుని గురునాథరావు మీసం తడుముకున్నాడు.

కంప్యూటర్ బిగించాడు. పాత ల్యాప్‌టాప్‌లో డిస్కు పీకి దీంట్లో పెట్టాడు. మీట నొక్కగానే లైట్లు వెలిగాయి. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ ఎల్లారావు ఫోన్లో, "బావా, ఓవర్‌క్లాకింగ్ సెయ్యకపోతే కొన్న ఆనందమేటి?" అన్నాడు.

ఓవర్‌క్లాకింగ్ అంటే ప్రాసెసర్‌ని కంపెనీ చెప్పిన వేగం కంటే ఎక్కువ పరిగెత్తించడం. రేటెడ్ కెపాసిటీ దాటి ఉత్పత్తి తీస్తే బోర్డు మీద పేరు రాసే చోట పనిచేసినవాడికి ఇంతకంటే తియ్యని మాట ఏముంటుంది! సెట్టింగుల్లోకి వెళ్ళి వేగం పెంచేశాడు.

కంప్యూటర్ కాసేపు పరిగెత్తింది. తరవాత పెనంలా కాలింది. ఆపైన టప్పున ఆరిపోయింది.

"ఏటండీ అది?" అంటూ సూర్యకళ పరిగెత్తుకొచ్చింది. జాలరిపేట పడవల పైడయ్య కూతురి పెళ్ళి వీడియో మొత్తం ఆ డిస్కులోనే ఉంది. ఆదివారం సాయంత్రం తెర కట్టి పేటంతటికీ చూపిస్తారట. అది బాగుంటే అక్కడి పెళ్ళిళ్ళన్నీ ఆమెవే. లేకపోతే ఆ వీధిలో తలెత్తుకు తిరగలేదు.

"వేడెక్కింది, అంతే. మా ఫర్నేసు వేడెక్కట్లేదేటి?"

"ఆదివారానికి వీడియో అవ్వలేదనుకోండి, ఈ డబ్బా కొన్న చోటికే ఎల్లిపోద్ది."

డబ్బా పోతే గురునాథరావు లారీ కూడా పోయినట్టే. వేగం తగ్గించాడా? ఛ, పరువు కాదూ! వేడి తగ్గిస్తే చాలనుకున్నాడు. డబ్బా తలుపు పీకాడు. ఆరిపోయింది. టేబుల్ ఫ్యాన్ పెట్టాడు. అయినా ఆరిపోయింది. ఇక లాభం లేదని ఎల్లారావుని వెంటబెట్టుకుని ఆటోనగర్ వెళ్ళి, తెలిసిన వర్క్‌షాపులోంచి మ్యాన్ కూలర్ అడిగి తెచ్చాడు. కొలిమిలాంటి చోట మనుషులకి గాలి తగలాలని పెట్టే రాక్షసి ఫ్యాన్ అది. ఆటోలో కూడా పట్టలేదు.

దాన్ని వంటింటి గుమ్మంలో నిలబెట్టి, మొహం కంప్యూటర్ వైపు తిప్పాడు. వెనక వంటింట్లో ఏముందో చూడలేదు. మిల్లులో ఆడించిన కారం ఇంకా వేడిగా ఉందని సూర్యకళ వెడల్పు పళ్ళెంలో ఆరబోసుకుంది.

"ఎయ్ బావా!" అన్నాడు ఎల్లారావు. గురునాథరావు మీట వేశాడు.

ఆ తరవాత ఎవరికీ ఏమీ కనపడలేదు. ఫ్యాన్ వెనకనుంచి లాగిన కారంతో హాలంతా ఎర్రగా పొగ. ఎల్లారావు తుమ్ముతూ వెళ్ళి బీరువాని కావలించుకున్నాడు. గురునాథరావు కళ్ళు మూసుకుని, "ఓలమ్మో! నీళ్ళే, నీళ్ళు!" అని గంతులేశాడు. సూర్యకళ ముక్కుకి చెంగు కట్టుకుని, తడుముకుంటూ వెళ్ళి ప్లగ్గు పీకింది.

మొహాలు కడుక్కున్నాక సూర్యకళ డబ్బా ముందు కూర్చుంది. స్క్రూడ్రైవర్ తీసుకుంది. కారం దులిపి, ప్రాసెసర్ వేడి లాగేందుకు దాని మీద బిగించిన చిన్న కూలర్‌ని విప్పి అడుగున చూసింది. అక్కడో పల్చటి ప్లాస్టిక్ కాగితం నిగనిగలాడుతోంది.

"ఇది పీకలేదేటండీ?"

"కొత్తది కదే! పీకితే గీతలు పడిపోవా?"

ఆ ఇంట్లో ఫ్రిజ్ మీద కంపెనీ స్టిక్కరు ఇంకా అలాగే ఉంది. రిమోటు కవర్లోనే ఉంది. స్కూటర్ సీటు కూడా ప్లాస్టిక్‌లోనే ముసలిదైపోయింది. పాపం ప్రాసెసరు వేడి ఆ కాగితం దాటి పోలేక ఉడికిపోయింది.

సూర్యకళ కాగితం పీకింది. కూలర్‌తో వచ్చిన ట్యూబులోంచి వేడిని దాటించే పేస్టు పూసి కూలర్ మళ్ళీ బిగించి, వేగాన్ని కంపెనీవాడు చెప్పిన చోటికే తెచ్చింది. కంప్యూటర్ చల్లగా, కిక్కురుమనకుండా పనిచేసింది.

"నీకియ్యన్నీ ఎలగ తెలుసే?" గురునాథరావు నోరు తెరిచాడు.

"వీడియోలు సూసాను. ఈ గ్రాఫిక్స్ కార్డు కావాలని ఎప్పుట్నుంచో అనుకుంతన్నాను."

"మరి నన్నడగలేదేటి?"

"నాక్కావాలంటే మీరు ఆలోసిత్తారు. మీక్కావాలంటే వారం తిరక్కుండా వచ్చేత్తాది. అందుకే ఎల్లారావన్నయ్యని మీకా లారీ ఆట సూపించమన్నాను."

గురునాథరావు ఎల్లారావు వంక చూశాడు. ఎల్లారావు మళ్ళీ తుమ్మాడు. ఈసారి అది కారం వల్ల కాదు.

ఆదివారం వీడియో తెర మీద పడింది. పేటంతా ఈలలు వేసింది. సోమవారానికే ఇంకో పెళ్ళి వీడియో వచ్చి పడింది.

"కాసేపు ఆడుకోనా?" అని మెల్లిగా అడిగాడు గురునాథరావు.

"అమ్మో, పని నడుస్తంది. అయ్యేదాకా పక్కన కూసుని సూడండి."

పక్కన కూర్చున్నాడు. సూర్యకళ ఇచ్చిన టీ తాగుతూ చూస్తున్నాడు. తెర మీద పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు పూలు కట్టిన లారీ ఎక్కారు. ఊరేగింపు కదిలింది. గురునాథరావు గ్లాసు పక్కన పెట్టి, రెండు చేతులూ గాల్లోకి లేపి, మలుపు దగ్గర మెల్లిగా ఎడమకి తిప్పాడు.

"హారన్ మాత్రం కొట్టకండి," అంది సూర్యకళ తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "సన్నాయి ఇనపడదు."