మామగారి తోటకు అడ్డదారి

ఆ ఉదయం చెరకు ఆఫీసరు వేసుకున్న పథకం చిన్నదే. కోర్టు పంపే కమిషనర్ని జీపులో తీసుకెళ్లి, మామగారి చెరకు తోట తమ మిల్లుకే దగ్గరని చూపించాలి. ఆ తోట, చెరకు కొనుక్కోమని సర్కారు తనకు కేటాయించిన ప్రాంతంలోదంటే తన ప్రాంతంలోదని రెండు మిల్లులు కోర్టుకెక్కాయి. తోట మధ్యనున్న మోటారు షెడ్డుకు ఏ మిల్లు దగ్గరైతే చెరకు దానిదేనని, తేలేదాకా రెండు మిల్లులూ దాన్ని తోలుకుపోరాదని జడ్జిగారన్నారు. ఓడిపోతే ఆఫీసుకు రావద్దని మేనేజరన్నాడు. అవతలి మిల్లు చెరకు ఆఫీసరు, ఖర్మకొద్దీ, సొంత బావమరిది.

"మీ పంతాలకు నాన్న చెరకు ఎండిపోతోందండీ," అంది భార్య.

"ఇవాళ తాడో పేడో తేల్చేస్తాగా!"

రోడ్డు తోటను చుట్టి వస్తుంది. చెరకులోంచి అడ్డంగా దారి తీస్తే దూరం బోలెడు తగ్గుతుంది. కూలీలను పిలిచి, జీపు పట్టేంత మేర నరకమన్నాడు. షెడ్డు దాకా వెళ్లి చూస్తే అవతలినుంచి లారీ పట్టేంత దారి తెరుచుకుని ఉంది. దాని మధ్యలో బావమరిది చెమట తుడుచుకుంటున్నాడు.

"ఏరా, కన్నతండ్రి తోటే నరికిస్తావా?"

"పిల్లనిచ్చిన మామ తోట మీరు నరికించగా లేనిది నాకేం బావా?"

ఆఫీసరుకు పౌరుషం పొడుచుకొచ్చింది. రెండు లారీలు పట్టేంత నరకమన్నాడు. బావమరిది మూడన్నాడు. కూలీలకు టన్ను లెక్కన కూలి కాబట్టి వాళ్లూ వద్దనలేదు.

ఆఫీసరు పంపిన జీపులో వచ్చిన కమిషనర్ దిగి చుట్టూ చూశాడు. "తోట ఎక్కడండీ?"

ఇద్దరూ నేలవైపు చూపించారు. మామగారు పరుగున వచ్చి నెత్తి కొట్టుకున్నారు. "కొలవమంటే కొట్టేశారా! కోసిన చెరకు ఎన్నాళ్లు నిలవుంటుంది?"

"మా మిల్లుకు పంపేద్దాం!" అన్నారిద్దరూ ఒకేసారి.

"మీలో ఎవరు తోలుకుపోయినా కోర్టు ధిక్కారం," అన్నాడు కమిషనర్. జడ్జిగారికి ఫోన్ చేసి, కేసుతో సంబంధం లేని మూడో మిల్లుకు కబురంపాడు. పిట్టపోరు పిల్లి తీర్చినట్టు, దాని లారీలొచ్చి ఒక్క గడ కూడా మిగల్చకుండా ఎత్తుకుపోయాయి.

"పోనీలే అల్లుడూ, నీ పుణ్యమా అని చెరకు గట్టెక్కింది," అన్నారు మామగారు. అల్లుడికి ఏడుపొక్కటే తక్కువ.

మర్నాడు రాజీనామా పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్లాడు. మేనేజరు దాన్ని చించి బుట్టలో వేశాడు.

"మూడో మిల్లు కూడా కేసు వేసిందయ్యా! ఆ ప్రాంతం తమదేనట. తోట ఎలా మాయమైందో చెప్పడానికి నువ్వూ నీ బావమరిదే సాక్షులు. కేసు తేలేదాకా నిన్ను కదిలిస్తే ఒట్టు."

ఆ కేసు తేలేలోపు ఆఫీసరు రిటైరవడం ఖాయమని ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉన్నారు.