నాన్నగారి ఓటీపీ

ప్రతి మనిషికీ ఒక జీవితం ఉంటుంది. అది తనదేనని రుజువు చేసుకోవలసిన బాధ్యత కూడా ఆ మనిషిదే.

ఈ సత్యాన్ని మన వ్యవస్థ ఆలస్యంగానైనా గుర్తించింది. మొన్నమొన్నటి దాకా ఎవరు పడితే వాళ్ళు, కాగితం కలం చేతికి దొరగ్గానే స్వీయచరిత్రలు రాసిపారేసేవారు. అడిగే నాథుడు లేడు. చివరికి ఒక ఉన్నతాధికారి తీరిక చేసుకుని (ఆయన పదవికి ఉన్న ఏకైక సౌకర్యం అదే) అచ్చయిన స్వీయచరిత్రలన్నీ ముందేసుకుని లెక్క తీయించాడు. వీధి దీపం కింద కూర్చుని చదువుకున్నామని రాసుకున్న వాళ్ళ సంఖ్య, ఆ కాలంలో ఉన్న వీధి దీపాల సంఖ్యకు ఎన్నో రెట్లు ఉందని తేలింది. ఆ లెక్కన ఒక్కో దీపం కింద ఒక చిన్నపాటి బడి నడిచి ఉండాలి. దీపాల్లో సగం ఏనాడూ వెలగనేలేదని విద్యుత్ శాఖ స్వయంగా ఒప్పుకోవడంతో వ్యవహారం ముదిరింది. అలా ఏర్పడింది, స్వీయచరిత్ర రచనా శిక్షణ మరియు ధ్రువీకరణ మండలి.

ఇప్పుడు నిబంధన చాలా సులభం. శిక్షణ పొందనివారు "నేను పుట్టాను" అని రాయరాదు. (నోటితో చెప్పుకోవచ్చు. ఇంట్లోవాళ్ళ దగ్గర, తగ్గు స్వరంతో.)

నేను ఒక బీమా కంపెనీలో, క్లెయిములు తిరస్కరించే విభాగంలో పనిచేస్తాను. ఎదుటివాడి కష్టాన్ని నమ్మకపోవడం నా వృత్తి. అలాంటివాణ్ణి నా కథ రాసుకోవాలని ఎందుకు బయలుదేరానంటే, ఒక్క మాట కోసం. దాన్ని మాట అనడం కూడా ఎక్కువేనేమో. మా నాన్న ఒకసారి "ఊఁ" అన్నాడు.

మా నాన్న దుకాణాలకు బోర్డులు రాసేవాడు. నేను బడికెళ్ళే వయసులో ఒకరోజు ఆయన రంగు డబ్బా కొనడానికి బజారుకు వెళ్ళినప్పుడు, ఆయన సగంలో వదిలేసిన బోర్డును నేనే పూర్తి చేశాను. "ఇచ్చట గడియారములు బాగుచేయబడును." ఆయన ఆపిన చోటు నుంచి చివరి అక్షరం దాకా నా చేతి రాతే. నాన్న తిరిగొచ్చి బోర్డు ముందు నిలబడి "ఊఁ" అని, కుంచెలు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. అంతే. ఆ ఊఁకి బాగుందని అర్థమా, నాశనం చేశావని అర్థమా అన్నది నాకు ఈనాటికీ తెలియదు. ఆయన బతికుండగా అడగలేకపోయాను. (మా ఇంట్లో నాన్నను అడిగే శాఖ అమ్మది.) అది తెలుసుకోవాలని సగం వయసు గడిపాను. నవ్వుకోండి, ఫరవాలేదు.

శిక్షణ తరగతులు ఆదివారాలు పొద్దున, మండలి కార్యాలయం మీది అంతస్తులో జరుగుతాయి. మాకు పాఠం చెప్పేవారు పూర్వాశ్రమంలో తూనికలు కొలతల శాఖలో పనిచేశారు. అందుకని ఆయన్ని మేమంతా తూనికల సారు అంటాం. ఆయన దృష్టిలో గతం అనేది తూకం వేయవలసిన సరుకు. ఒక్కో స్వీయచరిత్రకు రెండు పూటల పస్తు మంజూరవుతుంది. మూడో పూట కావాలంటే వాడుకోనివాళ్ళ కోటాలోంచి సర్దుబాటు చేయించుకోవాలి. ఏడుపు అధ్యాయానికి ఒకసారి. "గుండె బరువెక్కింది" అని రాస్తే ఎంత ఎక్కిందో కిలోల్లో చెప్పాలి. బాల్యంలో చెట్టెక్కి పడినవాళ్ళు ఆ చెట్టును ఫొటో తీసి తేవాలి. చెట్టు కొట్టేసి ఉంటే పడనట్టే లెక్క.

నా పక్కన ఒక పళ్ళ డాక్టరు కూర్చునేవాడు. వెనక బెంచీలో రిటైరైన స్టేషన్ మాస్టరు ఉండేవారు. ఆయన జీవితంలో ముఖ్య ఘట్టాలన్నీ ఆలస్యంగానే జరిగాయి, అందుకు ఆయన ప్రతి అధ్యాయం మొదట్లో చింతిస్తున్నట్టు ప్రకటించేవారు.

అసలు సంగతి యాప్‌తో మొదలైంది. దాని పేరు గతమిత్ర. మనం ఏ జ్ఞాపకం రాసినా అందులో ఉన్న రెండో మనిషి మన సహజ్ఞాపకదారు అవుతారు. జాయింటు ఖాతా లాంటిదే. జ్ఞాపకం ఎక్కించగానే ఆ మనిషి ఫోనుకు ఓటీపీ వెళుతుంది. దాన్ని పది నిమిషాల్లో కనుక్కుని కొట్టాలి. కొట్టకపోతే ఆ సంఘటన జరగలేదు.

మొదట మా ఆవిడతో ప్రయత్నించాను. ఆమె ఆఫీసు నుంచి ఫోన్ చేసింది.

"ఏదో ఓటీపీ వచ్చింది. మళ్ళీ ఏం కొన్నావ్?"

"ఏం కొనలేదు. మనం మొదటిసారి కలిసిన రోజు గురించి రాశా. నువ్వు వానలో తడుస్తూ నిలబడ్డావని, నేను గొడుగు పట్టానని."

"గొడుగు నాది. తడిసింది నువ్వు. అది మార్చు, అప్పుడు చెప్తా నంబరు."

మార్చాను. ఇప్పుడు అధికారికంగా ఆ వానలో నేనే తడుస్తున్నాను.

తరువాత నాన్న అధ్యాయానికి వచ్చాను. యాప్‌లో తండ్రుల మాటలకు రెండే గడులు ఉన్నాయి. ఒకటి ప్రశంస, రెండోది మందలింపు. ఊఁకి గడి లేదు. ఏ గడి అయినా అసలు మనిషి ఒప్పుకోవాలి. తూనికల సారు దగ్గరికి వెళ్ళాను.

"సార్, మా నాన్న లేరు."

"ఎక్కడికెళ్ళారు?"

"పోయారు సార్."

"అయ్యో పాపం. నంబరుందా?"

"నంబరుంది. ఆయనే లేరు."

"నంబరుంటే చాలు కదండీ. యాప్‌కి మనిషితో ఏం పని?" అని ఆయన నిబంధన చదివి వినిపించారు. "మరణించిన సహజ్ఞాపకదారుకు ఓటీపీ వారి చివరి నంబరుకే పంపబడును. మరణము నంబరు మార్పునకు తగిన కారణముగా పరిగణింపబడదు."

ఇంటికొచ్చి బటన్ నొక్కాను. ఓటీపీ వెళ్ళింది. నా ఫోనులో ఆ నంబరు ఇంకా "నాన్న" అనే పేరుతోనే ఉంది. తీసెయ్యడానికి మనసొప్పలేదు, చెయ్యడానికి పనిపడలేదు. ఇప్పుడు చేశాను. మోగుతుంటే పెట్టేద్దామనిపించింది. ఎత్తుతాడేమోనన్న భయం కాదు. ఎత్తితే ఏం మాట్లాడాలో ఆయన ఉన్నప్పుడే నాకు తెలిసేది కాదు.

"హలో, ఎవరూ? స్కూలు యూనిఫారాలైతే సోమవారం రండి," అంది ఒక ఆడగొంతు. వెనకాల కుట్టుమిషను చప్పుడు.

ఫోను కంపెనీవాళ్ళు నాన్న నంబరును ఒక టైలరమ్మకు ఇచ్చారు.

"అమ్మా, మీ ఫోనుకి ఇప్పుడో ఓటీపీ వచ్చుంటుంది. కాస్త చెప్తారా?"

"ఎవ్వరికీ చెప్పొద్దని దాంట్లోనే రాశారుగా బాబూ."

"అది మా నాన్నగారి ఓటీపీ అమ్మా."

"అయితే మీ నాన్నగారినే అడుగు."

"ఆయన పోయారు."

మిషను ఆగింది. "అయ్యయ్యో. ఎప్పుడు?"

"చాలా ఏళ్ళయింది."

"మరి ఇప్పుడెందుకు పంపారూ?"

మండలి మొత్తంలో ఎవరికీ తట్టని ప్రశ్న అది. నేను బోర్డు సంగతి, ఊఁ సంగతి, రెండు గడుల సంగతి గబగబా చెప్పాను. ఆమె అంతా విన్నది.

"ఏ ఊఁ?" అంది.

"అదే కదమ్మా తెలియనిది."

"అట్లా అంటే ఎలా? ఊఁలో సవాలక్ష ఉంటాయి. నేను అంటా, నువ్వు విను. ఊఁ?"

"కాదమ్మా. అది ప్రశ్న."

"ఊఁహూఁ."

"అది వద్దనడం."

"ఊఁఁఁ..."

"అంత లేదు. మా నాన్న పొదుపరి."

ఆమె గొంతు సవరించుకుంది. "ఊఁ."

అదే. ఆ రంగు వాసన, ఆ గుమ్మం, తల కాస్త పక్కకు వంచి నిలబడ్డ నాన్న, అన్నీ ఆ ఒక్క ఊఁతో వచ్చేశాయి. నాకు ఏడుపొచ్చింది. (అధ్యాయానికి ఒకసారి. ఇక్కడ వాడేశాను.)

"అదేనమ్మా. అచ్చంగా అదే. అది ఏ ఊఁ?"

"ఇదా?" ఆమె కాసేపు తటపటాయించింది. "జనం కొలతలిస్తా వాళ్ళింట్లో గొడవలన్నీ చెప్తుంటారు కదా. అప్పుడంటా దీన్ని. ఏం వినకుండా, ఊరికే."

ఇన్నేళ్ళూ బాగుందా బాగాలేదా అని కొట్టుకున్నానే తప్ప, నాన్న ఆ బోర్డును చూడనేలేదేమో అన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు. కళ్ళెదుట ఆయన నిలబడి ఉండగా కూడా రాలేదు.

"పోనీలే బాబూ," అంది టైలరమ్మ. "మెచ్చుకున్నాడనే రాసుకో. ఇప్పుడొచ్చి కాదనేదెవరు? నంబరు చెప్తా రాసుకో, టైమైపోతోంది."

ఆమె అంకెలు చెప్పింది. నేను ప్రశంస నొక్కాను. గతమిత్ర క్షణం కూడా ఆలోచించలేదు. "మీ తండ్రిగారు మిమ్మల్ని మెచ్చుకున్నట్లు ధ్రువీకరించడమైనది" అని ఆకుపచ్చ ముద్ర వేసింది. ఊఁ అనేది అక్షరాల సంఖ్యలో తక్కువైనందున దాన్ని మండలి శైలికి అనుగుణంగా తానే పెంచింది. ఆ ప్రకారం మా నాన్న "శభాష్, నా పేరు నిలబెట్టావు" అని నా భుజం తట్టాడు.

మరుసటి ఆదివారం తూనికల సారు నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. తండ్రి ప్రశంస ధ్రువపడిన మొదటి అభ్యర్థిని నేనేనట. టీ విరామంలో పళ్ళ డాక్టరు నన్ను మూలకు లాక్కెళ్ళాడు.

"ఆ టైలరమ్మ నంబరు కాస్త ఇస్తారా? మా నాన్న నంబరు ఎవరో పోలీసాయనకు వెళ్ళిందండీ. మందలింపులు తప్ప ఏమీ రావట్లేదు."

చివరి నంబరు ఏదన్నది కుటుంబం ఇచ్చే ప్రకటన మీద ఆధారపడి ఉంటుంది కనుక నిబంధనలకు వచ్చిన ఇబ్బందేమీ లేదు. పళ్ళ డాక్టరు ఆమె నంబరునే తన తండ్రి నంబరుగా ప్రకటించాడు. ఆ తరువాత స్టేషన్ మాస్టరు ప్రకటించారు (ఆలస్యంగా). నెల తిరిగేసరికి తరగతి మొత్తానికి ఒకరే తండ్రి. టైలరమ్మ మనసు మంచిది. కాజాలు కుట్టుకుంటూనే ఎవరినీ కాదనకుండా అందరినీ మెచ్చుకుంది. తూనికల సారు కూడా ఒకరోజు తలుపేసుకుని ఆమెతో చాలాసేపు మాట్లాడి, కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చారు. కిలోలు చెప్పలేదు.

మండలి దీన్ని గమనించకపోలేదు. వార్షిక నివేదికలో ఒక చారిత్రక సత్యాన్ని వెల్లడించింది. వెనకటి తరం తండ్రులు పిల్లలను మెచ్చుకోవడంలో ఏ తరానికీ తీసిపోరని, ఈ విషయంలో సమాజంలో ఉన్న అపోహలు తొలగిపోవాలని అందులో ఉంది. ఎవరూ వాడటం లేదు కాబట్టి మందలింపు గడిని యాప్ నుంచి తొలగించారు.

నేను నా అధ్యాయాన్ని తీసుకెళ్ళి అమ్మకు చదివి వినిపించాను. అమ్మ మాతోనే ఉంటుంది. కళ్ళజోడు తుడుచుకుంటూ మొత్తం వింది.

"ఎవర్రా ఈయన?"

"నాన్నేనమ్మా."

"మీ నాన్న భుజం తట్టడమేంట్రా? ఆయన చేతికి ఎప్పుడూ రంగే కదా. బట్టలకంటుతుందని ఎవర్నీ ముట్టుకునేవాడే కాదు." కళ్ళజోడు పెట్టుకుని కాగితం వైపు మర్యాదగా చూసింది. "మంచాయన లాగే ఉన్నాడు. ఇంట్లోకి రానివ్వచ్చు. కానీ మీ నాన్న కాదు."

"అసలైతే ఊఁ అన్నాడమ్మా. అంతే అన్నాడు."

"ఆఁ, అదీ ఆయనంటే," అంది అమ్మ. అని చిన్నగా నవ్వుకుంది, చాలా రోజుల తర్వాత.

నేను చేసిన పని అప్పుడు తెలిసింది. నాకున్నది ఒక్క ఊఁ. దాన్ని ఇచ్చేసి ఎవరో పెద్దమనిషి దగ్గర శభాష్ తెచ్చుకున్నాను. ఆ ఊఁ విని అన్నదో వినకుండా అన్నదో, చూసి అన్నదో చూడకుండా అన్నదో, నాకిక అక్కర్లేదు. అది నాకు తిరిగి కావాలి. ఏ గడిలోనూ వద్దు, ఉన్నది ఉన్నట్టుగా కావాలి.

గతమిత్రలో సవరణకు అవకాశం ఉంది. ధ్రువపడిన ప్రశంసను వెనక్కి ఇచ్చేయాలంటే మెచ్చుకున్న తండ్రిగారి ఓటీపీ మరోసారి తీసుకోవాలి. శభాష్ కొట్టేశాను, భుజం తట్టడం కొట్టేశాను, ఊఁ అని రాశాను. "మీరు మీ తండ్రి ప్రశంసను కోల్పోతారు, ఖాయమేనా?" అని యాప్ రెండుసార్లు అడిగింది. ఖాయమేనన్నాను. పది నిమిషాలు మొదలయ్యాయి.

ఫోను తీసి "నాన్న" నొక్కాను. మిషను చప్పుడు రాలేదు. రద్దీ దృష్ట్యా మండలి వారు ఆ నంబరుకు కొత్తగా ఏర్పాటు చేసిన గొంతు ఒకటి, చాలా తియ్యగా పలికింది.

"మీరు సంప్రదించదలచిన తండ్రిగారు ప్రస్తుతం వేరొకరి సంతానంతో మాట్లాడుతున్నారు. దయచేసి లైనులో ఉండండి."

ఉన్నాను.