తప్పు చేయని గేటు

ఒక పెద్ద అడవిలో మామూలు జంతువులన్నిటికీ నీళ్ళకు ఒకటే గుంట ఉండేది. దాని దగ్గర కొట్లాటలకు మాత్రం కరువు లేదు. విసిగిపోయిన సింహం గుంటచుట్టూ కంచె వేయించి, తనంతట తానే తెరుచుకుని మూసుకునే గేటు పెట్టమని అడవి విశ్వవిద్యాలయానికి పురమాయించింది.

ఆ పని మంజీర అనే ఉడుము నెత్తిన పడింది. మంజీర పరిశోధక విద్యార్థి. ప్రోగ్రాములో తప్పు లేదని లెక్కకట్టి రుజువు చేయడం దాని చదువు. తోటివాళ్ళంతా డాక్టర్లయి పిల్లల్ని కూడా కన్నారు. దీనికి మాత్రం పట్టా రాలేదు. ఎన్నిసార్లు గేటు పెట్టినా ఎవరో ఇద్దరు కొమ్ములు కలిపేవారు, పరీక్షకుడు నక్క పెదవి విరిచేవాడు.

"ఈసారీ కొట్లాట జరిగిందంటే నీ సీటు తీసేస్తారమ్మాయ్," అన్నారు గైడు ఎలుగుబంటి సారు, ఆవులిస్తూ.

మంజీర హడలిపోయింది. పట్టిందంటే ఉడుంపట్టే కదా! గేటు ప్రోగ్రాములో జంతువుల్ని లోపలికి పంపే షరతులు బిగించింది, మళ్ళీ బిగించింది. చివరికి రుజువు కుదిరింది. ఆ సంబరంలో తిండి కూడా మరిచిపోయింది.

నిండు సభలో నక్క కళ్ళద్దాలు సవరించుకున్నాడు.

"ఎవరూ ఎవర్నీ పొడవరా?"

"పొడవరు సార్. రుజువుంది."

"తొక్కిసలాట?"

"జరగదు సార్. దానికీ రుజువుంది."

వేలు పెట్టడానికి నక్కకు సందే దొరకలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. కొత్త డాక్టరు గుంటలో మూడు గుక్కల నీళ్ళు తాగాకే పట్టా చేతికిస్తారు. మంజీర ఠీవిగా గేటు ముందు నిలబడింది. గేటు కదల్లేదు. తోసింది. ఊహూఁ.

"ఎప్పుడు తెరుచుకుంటుందే తల్లీ? నోరెండిపోతోంది," అన్నాడు వెనక నిలబడ్డ ముసలి దుప్పి.

మంజీర రుజువంతా మళ్ళీ చూసుకుని కూలబడింది. షరతులన్నీ కలిపితే గేటు ఎన్నటికీ తెరుచుకోదు! ఎవరూ లోపలికే పోకపోతే ఇక కొట్లాటెక్కడిది?

"తెరుచుకోవడం... నా పరిశోధన పరిధిలోకి రాదు తాతా," అని గొణిగింది. అంతలోనే పట్టా గుర్తొచ్చి బావురుమంది. "విరగ్గొట్టించండి మహాప్రభూ!"

"నోర్ముయ్!" గర్జించింది సింహం. "నా కొలువులో ఒక్క తప్పూ చేయని ఉద్యోగి ఈ గేటొక్కటే."

సింహానికి సొంత వాగుంది లెండి.

సాయంత్రానికి గేటుకు పూలదండ వేసి, దాన్ని అడవిలోని ఆఫీసులన్నిటికీ పెద్దను చేశారు. గుక్కెడు నీళ్ళు తాగని మంజీర విద్యార్థిగానే మిగిలింది.

"ఏడవకమ్మా," అని సారు ఓదార్చారు. "గేటు తెరవడం ఎలాగో ఇంకో అయిదేళ్ళు పరిశోధిద్దువు గానీ."

నీతి: పని చేస్తే తప్పులొస్తాయి, చేయకపోతే ప్రమోషనొస్తుంది.